మానసం నుంచి రూప్‌కుండ్ దాకా: హిమాలయ సరస్సులు, వాటి కథలు

హిమాలయాల్లోనూ, వాటి వెనుక పరచుకొన్న టిబెట్ పీఠభూమిలోనూ సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన నిలిచిన సరస్సులు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి పేరైనా లేదు, పేరున్నవాటికి మాత్రం ఒక్క పేరూ ఒక్క కథా చాలినట్టు లేదు. ఒక సరస్సును శివుడు త్రిశూలంతో తవ్వాడంటారు, ఒకదాన్ని రావణుడు తన తపస్సుకోసం సృష్టించాడంటారు, ఒకదాని నీళ్ళు గడ్డకట్టకుండా గురువు తాకి నిలిపాడంటారు, ఇంకొకదాని ఒడ్డున గట్టిగా అరిస్తే వడగళ్ళు కురుస్తాయంటారు. ఇటువంటి మాటలు వినగానే మూఢనమ్మకమని తోసిపుచ్చేవారు కొందరు, మన పూర్వులకు తెలియని శాస్త్రం లేదని ఉప్పొంగేవారు మరికొందరు. సరస్సును దగ్గరగా చూడవలసిన శ్రమను ఈ రెండు పక్షాలూ తప్పించుకుంటున్నాయనే చెప్పాలి. భూగర్భశాస్త్రం, జలశాస్త్రం, జన్యుశాస్త్రం గత నూరేళ్ళలో తేల్చిన సంగతులను ఈ కథల పక్కన పెట్టి చూస్తే, కథ చెప్పే కారణం తరచుగా తప్పుతుంది గాని, కథ పుట్టడానికి మూలమైన చూపు మాత్రం చాలా సందర్భాల్లో తప్పలేదని తెలుస్తుంది.

త్రిశూలం కథనే తీసుకోవచ్చు. నేపాల్‌లోని గోసాయికుండ సుమారు 4,380 మీటర్ల ఎత్తున ఉంది. హాలాహలాన్ని మింగిన శివుడు గొంతులోని మంటను చల్లార్చుకోవడానికి కొండను త్రిశూలంతో పొడిచినచోట ఈ నీరు పుట్టిందని, ఆ దిగువన పారే నదికి త్రిశూలి అనే పేరు అందువల్లనే వచ్చిందని అక్కడివారి నమ్మకం. ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్‌కూ ఇటువంటి కథే ఉంది: కైలాసానికి పోతున్న నందాదేవికి దాహం వేయగా శివుడు త్రిశూలంతో కొండను గుచ్చాడనీ, ఉబికిన నీటిలో ఆమె తన రూపాన్ని చూసుకొన్నదనీ, అందుచేత ఆ మడుగు రూపకుండమయిందనీ చెబుతారు. రెండుచోట్లా కనిపించే దృశ్యం ఒకటే. నిట్టనిలువు కొండగోడ అడుగున, ఎవరో పెద్ద గరిటెతో తోడినట్టుండే గుండ్రని గుంట, అందులో నిండా నీరు. పైనుంచి ఏదో బలంగా దిగి రాతిని తొలిస్తే తప్ప అటువంటి గుంట ఏర్పడదని చూసినవారు అనుకోవడంలో పొరపాటు లేదు. ఆ తొలిచినది మంచు.

ఏటేటా కురిసిన మంచు కరగకుండా పొరమీద పొరగా పేరుకొని, తన బరువుకు తానే నలిగి గట్టి మంచుగడ్డగా మారి, వాలువెంట అతి నెమ్మదిగా జారడం మొదలుపెడితే దాన్ని హిమానీనదం అంటారు. కొండగోడ పగుళ్ళలోకి ఇంకిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు రాయి చిట్లుతుంది, చిట్లిన రాళ్ళను మంచు తనలో పొదువుకొని కదులుతూ అడుగునున్న శిలను ఆకురాయిలా అరగదీస్తుంది. వేల ఏళ్ళపాటు ఈ పని సాగినచోట గిన్నె ఆకారంలో మిగిలిన లోయను భూగర్భశాస్త్రజ్ఞులు సర్క్ అంటారు. మంచు వెనక్కి తగ్గినప్పుడు ఆ గిన్నెలో నీరు నిలుస్తుంది. హిమానీనదం మోసుకొచ్చిన రాళ్ళూ రప్పలూ మట్టీ దాని అంచుల్లో కరకట్టలా పేరుకుంటే దానిని మొరైన్ అంటారు. ఆ కట్ట వెనుక నిలిచే సరస్సులు రెండో రకం. మూడో రకానికి మంచుతో నేరుగా పనిలేదు: భారత భూఫలకం ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతుండడంవల్ల భూమి పొర చీలి, కొంత భాగం కుంగినచోట్ల నీరు చేరి సరస్సులయ్యాయి. వీటిలో తలమానికమైనది మానససరోవరం.

సుమారు 4,590 మీటర్ల ఎత్తున, దాదాపు 410 చదరపు కిలోమీటర్ల మేర, ఇంచుమించు గుండ్రంగా పరచుకొన్న మానససరోవరానికి పడమటి పక్కనే, నడుమ సన్నని మెరకభూమి మాత్రమే అడ్డుగా, రాక్షసతాల్ ఉంది. మొదటిది బ్రహ్మ మనస్సునుంచి పుట్టింది, రెండోది రావణుడు శివునికై తపస్సు చేసిన చోటు. మొదటిదాని నీరు అమృతం, రెండోదాని నీరు ముట్టరానిది. టిబెటన్ల దృష్టిలో మొదటిది సూర్యబింబం, రెండోది చంద్రవంక. ఒకే ఆకాశం కింద, ఒకే కొండల నీటితో, పక్కపక్కనే ఉన్న రెండు సరస్సులకు ఇంత తేడా ఎందుకు కల్పించారన్న ప్రశ్నకు తెలుగునాట చెరువుకింద సేద్యం చేసిన ఏ రైతయినా సమాధానం చెప్పగలడు: ఒకటి అలుగు పారే చెరువు, రెండోది అలుగు లేని చెరువు. మానససరోవరం నిండినప్పుడు దాని మిగులునీరు గంగాచ్చు అనే సుమారు పది కిలోమీటర్ల కాలువ గుండా, కొద్ది మీటర్లు పల్లంగా ఉన్న రాక్షసతాల్‌లోకి పోతుంది. రాక్షసతాల్ నుంచి మాత్రం నీరు బయటికి పారే దారి ఇప్పుడు లేదు. ఏరు ఏదైనా తాను ఒరుసుకొన్న రాళ్ళనుంచి కరిగిన లవణాలను కొద్దికొద్దిగా మోసుకొస్తుంది. అలుగు ఉన్న చెరువులో అవి నీటితోపాటు బయటికి పోతాయి, అలుగు లేనిచోట నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. రాక్షసతాల్ నీరు కాస్త ఉప్పగా ఉండడానికి కారణం ఇంతే. దానిని విషమనడం కథలోని అతిశయోక్తి, కాని రెండు నీళ్ళూ ఒకటి కావన్నది నాలుకతో తేల్చుకొన్న నిజం. గంగాచ్చులో నీరు పారిన ఏడు శుభప్రదమని టిబెటన్లు నమ్మడంలోనూ వింతేమీ లేదు. ఎగువన మంచూ వానా సమృద్ధిగా పడిన ఏడే ఆ కాలువ పారుతుంది.

ఈ ప్రాంతాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో స్వీడన్‌కు చెందిన స్వెన్ హెడిన్ పేరు లోకమంతటా తెలిసినదే. ఆయన 1907లో మానససరోవరం మీద పడవ నడిపి, తాడు వేసి లోతు కొలిచాడు. ఆయన తేల్చిన విషయాలను సరిదిద్దినవాడు ఒక తెలుగువాడన్న సంగతి తెలుగువారికే అంతగా తెలియకపోవడం విచారకరం. తూర్పుగోదావరి ప్రాంతంలో 1896లో కనకదండి వేంకట సోమయాజులుగా పుట్టి, సన్యసించి స్వామి ప్రణవానందగా మారిన ఆయన కైలాస మానస ప్రాంతానికి పలుమార్లు వెళ్ళి, మానససరోవరం ఒడ్డునున్న బౌద్ధమఠంలో చలికాలమంతా గడిపి, అక్కడి నదులనూ సరస్సులనూ కొలిచి గ్రంథస్థం చేశాడు. ఆయనకు 1976లో పద్మశ్రీ లభించింది. టిబెటన్ల సంప్రదాయం ప్రకారం ఇక్కడినుంచి నాలుగు నదులు నాలుగు మృగాల నోళ్ళనుంచి పుడతాయి: సింధువు సింహం నోటినుంచి, బ్రహ్మపుత్ర గుర్రం నోటినుంచి, సట్లెజ్ ఏనుగు నోటినుంచి, కర్ణాలి నెమలి నోటినుంచి. హెడిన్ తన కొలతల ఆధారంగా నదీమూలాలను నిర్ణయిస్తే, ఏ ఊటను మూలమని అక్కడి ప్రజలు తరతరాలుగా చెబుతూ వచ్చారో దానికీ విలువ ఇవ్వాలని ప్రణవానంద వాదించాడు. నది మూలం అనే మాట పైకి ఎంత తేలికగా కనిపించినా, పొడవును బట్టి నిర్ణయించాలా, నీటి పరిమాణాన్ని బట్టి నిర్ణయించాలా అన్న చిక్కు అందులో ఉన్నది గనుక, ఆ వాదాన్ని కేవలం భక్తి అని తీసివేయడానికి వీలులేదు. నాలుగు నదులూ సరస్సులోనుంచే పుడతాయనడం సరికాదు. ఉపఖండంలోని ఇంత పెద్ద నదులు నాలుగూ ఆ ఒక్క మిట్ట పరిసరాల్లోనుంచే నాలుగు దిక్కులకూ విడిపోతాయన్నది మాత్రం నేటి పటాలు కూడా చూపే సత్యం.

మానససరోవరం గడ్డకట్టే తీరును ప్రణవానంద ప్రత్యేక శ్రద్ధతో గమనించాడు. చలికాలపు రాత్రుల్లో గడ్డకట్టిన సరస్సునుంచి వెలువడే ఉరుములవంటి చప్పుళ్ళను దేవతల, నాగుల అలికిడిగా భావించడం సహజమే గాని, వాటికి మూలం మంచులోనే ఉంది: రాత్రి చలికి మంచుపలక కుంచించుకొని పగులుతుంది, పగటి ఎండకు వ్యాకోచించి ఒడ్డులను ఒత్తుతూ తిరిగి విరుగుతుంది. అంత చలిలోనూ సరస్సు అడుగుదాకా గడ్డకట్టిపోకపోవడానికి నీటికే ప్రత్యేకమైన ఒక గుణం కారణం. మంచినీటి సాంద్రత నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికం. అంతకన్నా చల్లబడిన నీరు తేలికై పైకి చేరుతుంది, అక్కడే గడ్డకడుతుంది, ఆ గడ్డ దుప్పటిలా కింది నీటిని కాపాడుతుంది. ఉత్తర సిక్కింలో ఐదు వేల మీటర్లకు పైన ఉన్న గురుడోంగ్‌మార్ సరస్సులో ఒక భాగం మాత్రం చలికాలంలోనూ గడ్డకట్టదని, తాగడానికి నీళ్ళు లేవని జనం మొరపెట్టుకుంటే గురు పద్మసంభవుడు ఆ చోటును తాకాడని బౌద్ధులూ, గురునానక్ తాకాడని సిక్కులూ చెబుతారు. ఊట ఉబికేచోట, ఏరు వచ్చి కలిసేచోట, సరస్సు పొంగి పారేచోట నీరు కదులుతూ అడుగునున్న కాస్త వెచ్చని నీటితో కలుస్తుంది కాబట్టి సాధారణంగా ఏ సరస్సులోనైనా ఆ భాగం ఆలస్యంగా గడ్డకడుతుంది. కడవ ముంచుకోవడానికి ఎక్కడికి పోవాలో తెలిసినవారే ఈ కథను నిలబెట్టి ఉంటారు.

మానససరోవరం పేరు చెప్పగానే తెలుగు పాఠకునికి గుర్తుకొచ్చేది హంస. వానాకాలం రాగానే హంసలు మానసానికి వెళ్ళిపోతాయన్నది సంస్కృత కవులనుంచి తెలుగు కవులకు సంక్రమించిన కవిసమయం. అటువంటి ప్రయాణం చేసే పక్షులు నిజంగానే ఉన్నాయి: తలమీద రెండు నల్లని చారలుండే ఒక జాతి అడవిబాతులు దక్షిణభారతం దాకా వచ్చి చెరువుల్లో చలికాలం గడిపి, వేసవి రాకముందే బయలుదేరి, టిబెట్, మధ్య ఆసియా సరస్సుల ఒడ్డున గుడ్లు పెట్టడానికి హిమాలయాల మీదుగా ఎగిరిపోతాయి. ఉపగ్రహ పరికరాలు అమర్చి చేసిన పరిశోధనలో వాటిలో ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదయింది. ఆ పలుచని గాలిలోని కొద్దిపాటి ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకోగల హిమోగ్లోబిన్ వాటి రక్తంలో ఉంది. కవులు నెలలు కొంచెం తప్పినా దారి తప్పలేదు. పాలనూ నీటినీ వేరుచేసే విద్య మాత్రం ఏ పక్షికీ ఉన్నట్టు దాఖలా లేదు.

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ ప్రాంతపు కథ మరింత ముచ్చటైనది. చంద్రుని కూతురు చంద్ర, సూర్యుని కొడుకు భాగ ఒకరినొకరు ప్రేమించుకొని, బారాలాచా కనుమ మీదికెక్కి అక్కడినుంచి చెరో దిక్కుకు పరుగెత్తి, లోకమంతా చుట్టి మళ్ళీ కలుసుకోవాలని ఒప్పందం చేసుకొన్నారట. ఆ కనుమ పరిసరాల్లోనే పుట్టిన చంద్ర, భాగ అనే రెండు ఏర్లు వ్యతిరేక దిక్కుల్లో బయలుదేరి, ఒక పర్వతశ్రేణిని చుట్టుకొని తాండీ అనేచోట కలిసి చంద్రభాగ అవుతాయి. అదే దిగువన చినాబ్. చంద్ర లోయలో చంద్రతాల్, భాగ మొదట్లో సూరజ్‌తాల్ అనే సరస్సులు ఆ ఇద్దరి పుట్టింటి గుర్తులుగా ఉన్నాయి. నీటిపారుదలపటం చేతిలో లేని కాలంలో పశువుల కాపరి పిల్లలకు ఆ కొండల మధ్య దారి నేర్పడానికి దీనికన్నా మంచి పాఠం ఉండదు.

సరస్సుల కోపానికి సంబంధించిన కథలు ఇంత హాయిగా ముగియవు. సిక్కింలోని త్సోమ్‌గో సరస్సు రంగు మారడాన్ని చూసి లామాలు భవిష్యత్తు చెప్పేవారని ప్రతీతి. కొండసరస్సుల రంగు మారడానికి కారణాలు అనేకం: హిమానీనదం అరగదీసిన రాతిపిండి నీటిలో తేలుతూ నీలి, ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా వెదజల్లుతుంది, ఎగువన మంచు ఎక్కువగా కరిగితే ఆ పిండి పెరిగి నీరు పాలిపోతుంది. నేడు హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం చేస్తున్నదీ ఒక విధంగా సరస్సు ముఖం చదివే పనే. హిమాలయ నదీపరీవాహాల్లోని వేలాది హిమానీ సరస్సులను ఉపగ్రహచిత్రాల ద్వారా అది పటాలకెక్కించింది. పది హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 తరువాత గణనీయంగా పెరిగాయని ఇస్రో 2024లో వెల్లడించింది. వేడెక్కుతున్న గాలికి హిమానీనదాలు వెనక్కి తగ్గుతుంటే, కరిగిన నీరు మొరైన్ కట్టల వెనుక నిండుతోంది. ఆ కట్టలో రాళ్ళను పట్టి ఉంచే సున్నమూ సిమెంటూ గడ్డకట్టిన మంచే గనుక అది కరిగినప్పుడు కట్ట గుల్లబారుతుంది. 2023 అక్టోబర్ 3 రాత్రి సిక్కింలోని దక్షిణ లోనక్ సరస్సులోకి పక్కనున్న మొరైన్ వాలు విరిగిపడి, సుమారు ఇరవై మీటర్ల ఎత్తైన అల లేచి, కట్ట తెగి, దాదాపు ఐదు కోట్ల ఘనపుమీటర్ల నీరు తీస్తాలోయలోకి దూకింది; చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట కొట్టుకుపోయింది, యాభై మందికి పైగా మరణించారు. సరస్సులో రాయి వేయరాదన్న పెద్దల మాటకు, కొండ తానే రాయి వేస్తే ఏమవుతుందో చూసినవారి అనుభవం మూలమై ఉంటుందని ఊహించడం అసంగతం కాదు.

ఇంతవరకు చెప్పిన సరస్సుల్లో కథకూ శాస్త్రానికీ ఎక్కడో ఒకచోట పొత్తు కుదిరింది. రూప్‌కుండ్ దగ్గర ఆ పొత్తు సగందాకా వచ్చి తెగిపోతుంది. చమోలీ జిల్లాలో త్రిశూల్ శిఖరం కింద, సుమారు ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఈ మడుగు నలభై మీటర్ల వ్యాసానికి మించదు. ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కిందనే ఉంటుంది. మంచు కరిగిన కొద్ది వారాల్లో దాని అడుగునా, ఒడ్డునా వందలాది మనుషుల ఎముకలు బయటపడతాయి. అటవీశాఖ ఉద్యోగి ఒకరు 1942లో వీటిని చూసినప్పటినుంచి ఊహాగానాలు మొదలయ్యాయి: అది యుద్ధకాలం గనుక జపాన్ సైనికులన్నారు, 1841లో టిబెట్ మీద దండెత్తి దెబ్బతిన్న జోరావర్ సింగ్ సేనలో దారితప్పినవారన్నారు, అంటువ్యాధికి బలైనవారన్నారు. స్థానికులకు మాత్రం ఈ ఊహలతో అవసరం లేకపోయింది, ఎందుకంటే వారి పాటల్లో సమాధానం అప్పటికే ఉంది.

ఈ సరస్సున్న గఢ్వాల్ ప్రాంతపు ప్రజలకు నందాదేవి తమ ఇంటి ఆడపడుచు. పన్నెండేళ్ళకోసారి నౌటీ గ్రామంనుంచి బయలుదేరే నందాదేవి రాజ్‌జాత్ ఆమెను పుట్టింటినుంచి కైలాసంలోని అత్తింటికి సాగనంపే యాత్ర. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడువగా, చీరెసారెలతో, కన్నీళ్ళతో, సుమారు 280 కిలోమీటర్లు సాగే ఈ యాత్ర రూప్‌కుండ్ మీదుగానే హోమ్‌కుండ్ చేరుతుంది. కన్నౌజ్ రాజు జసధవళుడు గర్భవతి అయిన రాణి బలంపానూ, నాట్యగత్తెలనూ వెంటబెట్టుకొని ఈ యాత్రకు వచ్చి కొండ పవిత్రతను భంగపరచాడనీ, ఆగ్రహించిన దేవి ఇనుపగుండ్లవంటి వడగళ్ళు కురిపించి పరివారాన్నంతా సంహరించిందనీ పాట. ఆ ఎత్తులో వడగళ్ళు ప్రాణాంతకం కావడం అసాధ్యమేమీ కాదు: ఉరుముల మేఘంలో పైకి ఎగదన్నే గాలి మంచుగడ్డలను పదేపదే పైకి విసరుతూ పెంచుతుంది, మైదానంలోనైతే అవి కింద పడేలోగా కొంత కరుగుతాయి, ఐదు వేల మీటర్ల దగ్గర కరిగే వ్యవధి ఉండదు, తలదాచుకోవడానికి చెట్టు నీడా ఉండదు. మానససరోవరాన్ని శోధించిన స్వామి ప్రణవానందే 1950లలో రూప్‌కుండ్‌కూ వెళ్ళి, ఈ అవశేషాలు ఆ రాజు పరివారానివేనని అభిప్రాయపడ్డాడు. 2004లో వెళ్ళిన శాస్త్రబృందం కొన్ని పుర్రెలపై మొద్దు వస్తువు తగిలిన దెబ్బలను గుర్తించడం, రేడియోకార్బన్ పరీక్ష క్రీ.శ. 850 ప్రాంతాన్ని సూచించడం జరగగా, పాట గెలిచిందనే అందరూ అనుకొన్నారు.

రేడియోకార్బన్ పరీక్ష అంటే, ప్రాణి బతికి ఉన్నంతకాలం గాలినుంచీ ఆహారంనుంచీ శరీరంలో చేరే కార్బన్-14 అనే పరమాణువు, మరణం తరువాత సుమారు 5,730 ఏళ్ళకు సగమయ్యే లెక్కన తరిగిపోతుంది గనుక, ఎముకలో మిగిలిన పాలును కొలిచి కాలాన్ని నిర్ణయించడం. దానికి డీఎన్ఏ విశ్లేషణ తోడైనప్పుడు కథ మారింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధనాసంస్థలో శాస్త్రజ్ఞులు లాల్‌జీ సింగ్, తంగరాజ్ పూనికతో మొదలైన ఈ పరిశోధనలో, తల్లినుంచి మాత్రమే బిడ్డకు సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏను 72 అస్థిపంజరాల్లో చదివినప్పుడే వీరంతా ఒకే జనం కారని అనుమానం కలిగింది. అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి 38 మంది పూర్తి జన్యుసమాచారాన్ని పరిశీలించి 2019 ఆగస్టులో ప్రకటించిన ఫలితం ఇది: 23 మంది భారత ఉపఖండపు వంశీకులు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వారు, నేటి గ్రీసు, క్రీట్ ప్రజలకు అతి సన్నిహితులు, ఒకరు ఆగ్నేయాసియా సంతతి. ఉపఖండపు వారు కూడా ఒకే తుపానులో పోలేదు, ఏడు నుంచి పదో శతాబ్దం మధ్య వేర్వేరు సమయాల్లో మరణించారు. మధ్యధరా బృందం మరణించినది వారికి వెయ్యేళ్ళ తరువాత, క్రీ.శ. 1800 ప్రాంతంలో. వీరిలో స్త్రీలూ ఉండడంవల్ల దారితప్పిన సేన అన్న ఊహ వీగిపోయింది. వ్యాధికారక బాక్టీరియా జాడ దొరకలేదు. దగ్గరి రక్తసంబంధీకులూ లేరు. ఎముకల్లోని కార్బన్ రకాలను బట్టి ఆహారాన్ని అంచనా వేస్తే, ఉపఖండపు వారిలో కొందరు జొన్న, సామ వంటి చిరుధాన్యాలు తిన్నవారు, మధ్యధరా వారి తిండిలో వాటి పాలు స్వల్పం.

ఈ విధంగా పాట చెప్పినదానిలో యాత్రికులు నిజం కావచ్చు, కొందరి తలమీద దెబ్బ నిజం, ఒక్క రోజున ఒక్క రాజు పరివారం అంతరించిందన్నది నిజం కాదు. పన్నెండు శతాబ్దాల వెనుకటి మరణాలను మరిచిపోని ఆ లోయల జ్ఞాపకంలో, కేవలం రెండు వందల ఏళ్ళ కిందట అదే ఒడ్డున రాలిపోయిన పరదేశీయుల గురించి ఒక్క చరణమైనా లేదు. జ్ఞాపకం తనవాళ్ళనే దాచుకొంటుందన్నమాట. తనకు బంధుత్వం లేనివారి సాక్ష్యాన్ని ఎముకలు మాత్రమే మోశాయి, అవి చెడిపోకుండా కాపాడినది ఆ ఎత్తులోని చలి.

ఆ సాక్ష్యం కూడా ఇప్పుడు చెదిరిపోయింది. కొండచరియలు విరిగి ఎముకలు ఒకదానిపై ఒకటి దొర్లడంవల్ల ఏ పుర్రె ఏ మొండేనిదో గుర్తించడం కుదరదు. దశాబ్దాలుగా వచ్చిపోయిన పర్వతయాత్రికులు జ్ఞాపికలుగా ఎన్నో ఎముకలను సంచుల్లో వేసుకొని పోయారు. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో ఎత్తైన పచ్చికబయళ్ళలో రాత్రి బసను నిషేధించినప్పటినుంచి రూప్‌కుండ్ దారిలో గుడారాలు వేసుకొనే వీలు లేదు.